ఇల్లు మారుతున్నారా? నెట్, టీవీ కనెక్షన్ల సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి

బ్యాంకు ఉద్యోగం కాబట్టి నాకు మూడు నాలుగేళ్లకోసారి బదిలీ తప్పదు. వనపర్తి, జడ్చర్ల, మిర్యాలగూడ, ఇప్పుడు నల్లగొండ. ఇల్లు మారిన ప్రతిసారీ పాలు, పేపరు, నీళ్ల క్యాను, గ్యాసు రెండు మూడు రోజుల్లో కుదురుకునేవి. నెట్టు మాత్రం ప్రతిచోటా ఏడిపించింది. నల్లగొండలోనైతే పందొమ్మిది రోజులు పట్టింది.

తప్పు నాదే. ఒక కంపెనీ యాప్‌లో 508001 అని పిన్‌కోడ్ కొడితే, మీ ప్రాంతంలో సర్వీసు ఉందంటూ ఆకుపచ్చ టిక్కు చూపింది. ఆఫర్ బాగుందని ఆరు నెలల డబ్బు ముందే కట్టేశాను. శ్రావణంలో మంచిరోజు చూసుకుని పాలు పొంగించాం. మర్నాడు కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన పిల్లాడు గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "సార్, మా బాక్సు రెండు గల్లీల అవతల ఉంది. అందులో పోర్టులు కూడా ఖాళీ లేవు" అన్నాడు. పోర్టంటే ఒక్కో ఇంటి వైరు తగిలించే చోటు. మా ఆవిడ ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి మెడికల్ కోడింగ్ చేస్తుంది. ఆ పందొమ్మిది రోజులూ ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని. డేటా మధ్యాహ్నానికే అయిపోయిన రోజుల్లో నేను బ్యాంకు నుంచి కాస్త ఆలస్యంగానే ఇంటికి వచ్చేవాణ్ణి.

ఒక పిన్‌కోడ్ కింద ఊరంతా వస్తుంది. నెట్టు వచ్చేది మాత్రం మన ఇంటి ముందున్న స్తంభం నుంచి. ఈ తేడా తెలిశాక నేను పాటిస్తున్న క్రమం ఇది.

మొదటి అడుగు: పాత ఇంటి కనెక్షన్ లెక్క తేల్చడం

ఇల్లు ఖాళీ చేయడానికి రెండు మూడు వారాల ముందే ఈ పని పెట్టుకోండి. సామాన్లు సర్దే రోజున మొదలుపెడితే రౌటర్ ఏ అట్టపెట్టెలో పోయిందో కూడా తెలియదు.

ముందు మూడు సంగతులు చూడండి. ప్లాన్ ఇంకా ఎన్ని రోజులుంది, రౌటర్ మనదా కంపెనీదా, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది. మూడోది చాలామంది పట్టించుకోరు. జడ్చర్లలో మేముండగా కనెక్షన్ ఇంటి ఓనరు పేరు మీదే ఉండేది. ఖాళీ చేసేటప్పుడు దాన్ని మార్చుకోవడానికీ లేదు, మూసేయడానికీ లేదు. ఓటీపీ వచ్చే ఫోన్ ఆయన దగ్గర, ఆయనేమో అమెరికాలో కొడుకు దగ్గర.

అదే కంపెనీ కొత్త ఊళ్లోనూ ఉంటే 'షిఫ్టింగ్' అడగండి. ఒకే పట్టణంలో మారితే సాధారణంగా కుదురుతుంది. ఊరు మారితే మాత్రం కంపెనీ ఒకటే అయినా లైన్లు చూసుకునే ఫ్రాంచైజీ వేరే ఉండొచ్చు. అలాంటప్పుడు షిఫ్టింగ్ పేరుతో కొత్త కనెక్షనే ఇస్తారు. మిగిలిన రోజులు కొత్త ఖాతాకు వస్తాయా అని ముందే అడిగి, జవాబు మెసేజీలోనో మెయిల్లోనో తీసుకోండి.

మూసేయాల్సి వస్తే రౌటర్, అడాప్టర్ మీ చేతులతో అప్పజెప్పి రసీదు తీసుకోండి. ఓనరు దగ్గర పెట్టి వెళ్లిపోతే, నాలుగు నెలల తర్వాత 'పరికరం తిరిగి ఇవ్వలేదు' అని మెసేజీ వస్తుంది. రౌటర్ వెనకున్న సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాంకువాడిగా ఇంకొక మాట: ఆటో డెబిట్ పెట్టి ఉంటే ముందు దాన్ని ఆపేయండి. ఎప్పుడో వదిలేసిన ఇంటికి నెలనెలా నెట్ బిల్లు కడుతున్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంటారు.

టీవీ డబ్బా విషయం వేరు. కేబుల్ డబ్బా ఆ నెట్‌వర్క్‌లోనే పనిచేస్తుంది. ఊరు మారితే అది అక్కడే అప్పజెప్పాల్సిన సరుకు. డీటీహెచ్ డబ్బా అయితే దేశంలో ఎక్కడికి తీసుకెళ్లినా పనిచేస్తుంది, డాబా మీది డిష్ గొడుగు తిరిగి బిగించుకుంటే చాలు. మా బదిలీ ఉద్యోగాల వాళ్ల ఇళ్లలో డీటీహెచ్ ఎక్కువగా కనిపించేది ఇందుకే.

రెండో అడుగు: కొత్త గల్లీలో అరగంట నిలబడటం

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. కిరాయి, అడ్వాన్సు మాట్లాడుకున్నాక కాదు, ఇల్లు నచ్చిందని అనుకున్న రోజే చేయాలి. వీలైతే సాయంత్రం ఏడు తర్వాత వెళ్లండి. అందరూ ఇళ్లలో ఉంటారు, నెట్ మీద భారం కూడా అప్పుడే ఎక్కువ.

మొదట తల పైకెత్తి స్తంభాలు చూడండి. సన్నటి నల్ల ఫైబర్ వైర్లు ఎన్ని పోతున్నాయి, చిన్న ప్లాస్టిక్ బాక్సులు ఎక్కడున్నాయి, వాటి మీద ఎవరి స్టిక్కర్లున్నాయి చూడండి. ఇంటికి ఎదురు స్తంభం మీదే బాక్సు ఉందంటే సగం పని అయినట్టే. పట్టణం చివర్లలో కొత్త వెంచర్లు వేసిన చోట్ల రోడ్డు ఉంటుంది, స్తంభాలుంటాయి, కరెంటు ఉంటుంది, ఫైబర్ మాత్రం ఉండదు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు వెళ్లినా, మహబూబ్‌నగర్‌లో భూత్పూర్ రోడ్డు వైపు వెళ్లినా, కొత్తగా లేచిన కాలనీల్లో ఈ సంగతి ఇంటింటికీ తేడాగా ఉంటుంది. పక్క వీధిలో ఉందని ఈ వీధిలో ఉంటుందని అనుకోవద్దు.

తర్వాత మనుషుల్ని అడగండి. "నెట్టు ఎట్లుంది?" అని అడిగితే ఎవరైనా "మంచిగనే ఉంది" అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. ఇలా అడగండి:

"మొన్నటి గాలివానకు పోయిందా? పోతే ఎప్పుడొచ్చింది?"

"పోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తరు? ఎత్తుతడా?"

"కరెంటు పోతే నెట్టు కూడా పోతదా?"

రెండో ప్రశ్నకు వచ్చే జవాబుతోనే నేను కంపెనీని ఎంచుకుంటాను. టోల్‌ఫ్రీ నంబరు చెప్పారంటే అక్కడ మనకు దిక్కు యంత్రమే. "మా గల్లీలో ఫలానా తమ్ముడు చూస్తడు, ఫోన్ చేస్తే వస్తడు" అన్నారంటే, ఆ కనెక్షన్ వేగం పది ఎంబీపీఎస్ తక్కువైనా నేను దానికే ఓటేస్తాను. ఏ కంపెనీ వైరైనా చెట్టు కొమ్మ పడితే తెగుతుంది. తెగాక ఎంతసేపట్లో అతుకుతారన్నదే అసలు తేడా, అది కంపెనీని బట్టి కాక గల్లీని బట్టి మారుతుంది.

కిరాణా దుకాణం, ట్యూషన్ సెంటర్, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ఈ ముగ్గురిని అడిగితే చాలు. దుకాణాయన ఉత్త కబురు చెప్పడు. నెట్ లేకపోతే ఫోన్ పేమెంట్లు ఆగిపోయి ఆయనకు నష్టం.

కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్లో ఒక ప్రాంతంలో వైర్ల ద్వారా నెట్ ఇచ్చే కంపెనీలు ఏవో చూసుకునే సదుపాయం ఉంది. పేర్లు తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. తర్వాత ఆ కంపెనీ స్థానిక టెక్నీషియన్‌కు ఫోన్ చేసి ఇల్లు ఎక్కడో చెప్పి మూడు మాటలు అడగండి: బాక్సు ఎంత దూరంలో ఉంది, అందులో పోర్టు ఖాళీ ఉందా, వైరు రోడ్డు దాటాలా. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తేనే డబ్బు సంగతి మాట్లాడండి.

స్తంభాల గురించి ఒక మాట. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తర్వాత, నగరంలో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లను విద్యుత్ సంస్థ కత్తిరించడం మొదలుపెట్టింది. వేల ఇళ్లలో నెట్ ఆగిపోయింది. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో స్తంభాలు కూడా అదే సంస్థవి, టీజీఎస్పీడీసీఎల్‌వి. మన గల్లీలో వైర్లు గుత్తులు గుత్తులుగా కిందికి వేలాడుతుంటే అవి ఎప్పుడైనా పోయే వైర్లే. సొంత స్తంభాలున్న ఆపరేటరో, వైరు తగిన ఎత్తులో నీటుగా లాగిన ఆపరేటరో దొరికితే మంచిది.

చివరగా ఇంటి ఓనరు. గోడకు రంధ్రం వేయనిస్తారా, డాబా మీద గొడుగు పెట్టనిస్తారా, ఫలానా కేబులాయన తప్ప వేరేవాళ్లు రావద్దని షరతు ఉందా, ఇవన్నీ అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగండి. పెట్టాక మన మాటకు బరువు తగ్గుతుంది.

మూడో అడుగు: మన ఇంటికి ఎంత వేగం కావాలి

ఇక్కడ అందరూ అవసరానికి మించి కొంటారు. హెచ్‌డీ వీడియోకు దాదాపు 5 ఎంబీపీఎస్ చాలు. వీడియో కాల్‌కు 3, 4. ఫోర్‌కే టీవీకి 15 నుంచి 25. మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి లెక్క వేస్తే: మా ఆవిడ కాల్ 4, అబ్బాయి ఇంటర్ వీడియో పాఠం 5, అమ్మ టీవీ 5, నా ఫోన్ 3, గేటు కెమెరా 2. మొత్తం 19. నలభై, యాభై ఎంబీపీఎస్ ప్లాన్ దీనికి ధారాళంగా సరిపోతుంది. ఫోర్‌కే టీవీ, ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఉంటే 100 తీసుకోండి. ఆపైన 300 అన్నది మామూలు ఇంట్లో గొప్ప చెప్పుకోవడానికే.

100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద ఎంబీ దిగుతుందని కాదు. ఎంబీపీఎస్ లెక్క బిట్లలో, ఎంబీ లెక్క బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు. అందుకే ఎనిమిదితో భాగించాలి, పన్నెండున్నర ఎంబీ. ఈ లెక్క తెలియక టెక్నీషియన్‌తో గొడవపడ్డవాళ్లు మా బ్యాంకులోనే ఇద్దరున్నారు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, కెమెరాలున్నవాళ్లు అప్‌లోడ్ వేగం కూడా అడగాలి. ప్రకటనలో కనిపించేది డౌన్‌లోడ్ అంకె. ఫైబర్‌లో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, గాలి ద్వారా వచ్చేవాటిలో అప్‌లోడ్ బాగా తగ్గుతుంది.

'అన్‌లిమిటెడ్' అన్నదానికీ ఒక గీత ఉంటుంది. ఫైబర్ ప్లాన్లలో అది తరచుగా నెలకు 3,300 జీబీ దగ్గర ఉంటుంది. అది దాటితే వేగం పడిపోతుంది. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ తింటుంది కాబట్టి ఆ గీతను మామూలు కుటుంబం దాటలేదు. అదే గీత 1,000 జీబీ దగ్గర ఉంటే రోజుకు 33 జీబీ, అంటే ఇంట్లో అందరూ కలిపి పదకొండు గంటల వీడియో. సెలవుల్లో పిల్లలుంటే అది దాటడం పెద్ద కష్టం కాదు.

నాలుగో అడుగు: దొరికేవాటిలో ఏది

ఫైబర్ దొరికితే ఫైబరే. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ పెట్టిన నెట్, ఏదైనా సరే. రెండో అడుగులో గల్లీవాళ్లు ఎవరి పేరు చెబితే వాళ్లది తీసుకోండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ను కూడా చాలా చోట్ల స్థానిక భాగస్వాములే ఇస్తారు, బిల్లు సంస్థది, వైరు చూసుకునేది పక్క వీధి మనిషి. ఆ మనిషి మంచివాడైతే కనెక్షన్ మంచిది.

ఫైబర్ రాని చోట 5జీ ద్వారా వచ్చే ఎయిర్‌ఫైబర్ ఉంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ దీన్ని 2023లో మొదలుపెట్టాయి. డాబా మీద చిన్న పెట్టె పెట్టి అక్కడి నుంచి ఇంట్లోకి వైరు దింపుతారు. వెంచర్లలో కొత్త ఇళ్లకు, ఊరికి దూరంగా పొలం దగ్గర ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇది నిజంగా వరమే. అయితే టవర్ ఎంత దూరముంది, దాని మీద ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి సాయంత్రాలు వేగం ఊగుతుంది. తీసుకునే ముందు అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్‌తో డాబా ఎక్కి, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్ట్ చేయండి. మధ్యాహ్నం చేసిన టెస్టును నమ్మొద్దు. డేటా గీత కూడా చూసుకోండి, వెయ్యి జీబీ లెక్క ఎక్కువగా ఇక్కడే ఎదురవుతుంది.

ఊళ్లకు మారేవాళ్లు రిటైరయ్యాక ఎక్కువవుతున్నారు కాబట్టి తెలంగాణ ప్రభుత్వ పథకం టీ-ఫైబర్ సంగతీ చెప్పాలి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాల్వల్లోనే ఫైబర్ కేబుల్ కూడా వేసి ఊరూరికీ నెట్ ఇవ్వాలన్నది ఆ పథకం ఆలోచన. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా కొన్ని ఊళ్లలో మొదలుపెట్టారు. పాత పాలమూరు నుంచి నారాయణపేట జిల్లా మద్దూరు అందులో ఒకటి. మీ ఊళ్లో ఇళ్ల దాకా వచ్చిందా అన్నది పంచాయతీ కార్యాలయంలో అడిగితే తెలుస్తుంది. పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ వచ్చిందంటే మన ఇంటికి వచ్చినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి.

దేవరకొండ దగ్గర మా మామగారి ఊళ్లో ఇవేవీ కుదరక, సిమ్ వేసుకునే రౌటర్ కొని కిటికీలో పెట్టాం. వాట్సాప్ వీడియో కాల్‌కు, మామగారి యూట్యూబ్ భజనలకు అది చాలు.

ఐదో అడుగు: బిల్లు లెక్క

ప్రకటనలో 499 అని ఉంటే మనం కట్టేది 588 రూపాయల 82 పైసలు, ఎందుకంటే 18 శాతం జీఎస్టీ దాని మీద పడుతుంది. ఆరు నెలలకు 3,533. దీనికి తోడు ఇన్‌స్టలేషన్, రౌటర్ డిపాజిట్, వైరు పొడవు ఎక్కువైతే దానికి వేరే. "మొత్తం నా జేబులోంచి ఎంత పోతుంది, అందులో ఎంత తిరిగి వస్తుంది?" అని ఒకే మాట అడగండి.

కిరాయి ఇల్లైతే మొదట నెల ప్లానే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. మూడు నెలలు వానలు, కరెంటు కోతలు చూశాక పెద్ద ప్లాన్‌కు మారండి. ఆరు నెలలు కడితే నెల ఉచితం అన్నది నన్ను ముంచిన మాట.

ఓటీటీలు కలిపిన ప్లాన్ల దగ్గర జాగ్రత్త. ఇరవై యాప్‌ల పేర్లు వరసగా ఉంటాయి, వాటిలో మీ ఇంట్లో చూసేవి రెండో మూడో. ఆ రెండిటినీ విడిగా కొంటే ఎంతవుతుందో చూసి పోల్చండి. కొన్నిసార్లు కలిపినదే లాభం, కొన్నిసార్లు కాదు.

ఆరో అడుగు: టీవీ

ఇంట్లో టీవీ ఎవరు చూస్తారో ముందు తేల్చుకోండి. మా ఇంట్లో అమ్మ చూస్తుంది. ఆమెకు రిమోట్ మీద నంబరు నొక్కితే సీరియల్ రావాలి. స్మార్ట్ టీవీ తెచ్చి, యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, ప్రకటన దాటి సీరియల్ పెట్టుకొమ్మంటే, "ఎందుకు బిడ్డా ఈ గోస" అంది. నెట్ పోయిన రోజున టీవీ కూడా పోవడం ఆమె దృష్టిలో మహాపరాధం. పెద్దవాళ్లున్న ఇంట్లో టీవీని నెట్ మీద ఆధారపడనివ్వకండి. ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లలు ఫోన్లలో చూసేవాళ్లే అయితే కేబులూ వద్దు, గొడుగూ వద్దు, ఓటీటీతో గడిచిపోతుంది.

కేబుల్: గల్లీలో ఆపరేటర్ ఉంటాడు, చెడిపోతే వస్తాడు, నెల డబ్బులు తీసుకోవడానికీ వస్తాడు. కేబుల్ డిజిటల్‌గా మారే గడువు నాలుగో దశలో 2017 మార్చి 31తో ముగిసింది కాబట్టి ఇప్పుడు డబ్బా లేని కేబుల్ ఉండదు. నెలకు ఇంత అని గుండుగుత్తగా చెబితే ఒప్పుకోకుండా, అందులో ఏ ఛానళ్లు వస్తాయో జాబితా అడగండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి పే ఛానల్‌కూ ధర ప్రకటించి ఉండాలి, కావాల్సినవి విడివిడిగా ఎంచుకునే హక్కు మనకుంది. ప్యాకేజీలో కలిపి అమ్మే ఛానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదు. ఛానళ్ల ధరకు తోడు వేసే నెట్‌వర్క్ చార్జీకి 130 రూపాయలన్న పరిమితిని మాత్రం 2024లో ఎత్తేశారు, ఆపరేటర్లు ఇప్పుడు వాళ్లే నిర్ణయించుకుంటారు. అందుకే పక్కింటి బిల్లుతో పోల్చి చూడటం ఇప్పుడు మరీ అవసరం.

హెచ్‌డీ ఛానల్‌కు వేరే ధర. అమ్మ చూసే నాలుగు తెలుగు ఛానళ్లు మామూలువి పెట్టుకుని, క్రికెట్ కోసం ఒక్క స్పోర్ట్స్ ఛానల్ హెచ్‌డీ పెట్టుకుంటే బిల్లు అదుపులో ఉంటుంది.

డీటీహెచ్: దీనికి ఆకాశం తెరిచి ఉండాలి. మన ప్రాంతం నుంచి చూస్తే ఈ ఉపగ్రహాలు దక్షిణం నుంచి ఆగ్నేయం వరకు, కొన్ని ఇంకాస్త తూర్పుకు ఉంటాయి. వాస్తులో వంటింటి మూల ఆగ్నేయం కదా, డాబా మీద సరిగ్గా ఆ మూలకు నిలబడి తల పైకెత్తండి. పక్కింటాయన కడుతున్న రెండో అంతస్తో, వేపచెట్టో, మన నీళ్ల ట్యాంకో అడ్డముంటే గొడుగు చోటు మార్చాలి. జోరువానలో కాసేపు బొమ్మ పోతుంది, అది కంపెనీ తప్పు కాదు.

కోతులు ఇంకో సమస్య. నల్లగొండలోనూ పాలమూరులోనూ డాబా ఎక్కి చూస్తే వంగిన గొడుగులు కనిపిస్తాయి. మిర్యాలగూడలో మా గొడుగు మీద ఒక కోతి పిల్లనెత్తుకుని కూర్చునేది, దానికి అది ఉయ్యాల. గొడుగును పిట్టగోడ మీద కాకుండా గోడ పక్కకు, తక్కువ ఎత్తులో బిగించి, వైరును పైపులోంచి దింపితే కొంత నయం.

డీడీ ఫ్రీ డిష్: డబ్బా, గొడుగు ఒకసారి కొంటే నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి. ఇళ్లలో చూసే పెద్ద సీరియల్ ఛానళ్లు చాలావరకు ఉండవు. వార్తలు, పాత సినిమాలతో తృప్తిపడేవాళ్లకు, ఊళ్లో పండుగకు మాత్రమే తాళం తీసే ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది.

ఏడో అడుగు: కనెక్షన్ ఇచ్చే రోజు

ఆషాఢంలో మన దగ్గర ఇల్లు మారరు. శ్రావణం రాగానే ఊరంతా ఒకేసారి మారుతుంది. టెక్నీషియన్లు దొరకరు, పైగా వానలు. పాలు పొంగించే తేదీకి వారం ముందే వైరు లాగించుకోండి. ఖాళీ ఇంట్లో రంధ్రం వేయడం కూడా తేలిక.

ఆ రోజు మీరు ఇంట్లో ఉండాలి. వైరు ఎక్కడి నుంచి వస్తే దగ్గరో అక్కడే రౌటర్ పెట్టేసి పోవడం వాళ్ల అలవాటు. సాధారణంగా అది హాల్లో తలుపు పక్క మూల. ఇంటి మధ్యలోకి, మనిషి ఎత్తులో, తెరిచి ఉన్న చోట పెట్టమనండి. ఫ్రిజ్ వెనక, టీవీ అరలో, సజ్జ మీద ఇనుప పెట్టెల మధ్య వద్దు. మన దగ్గర పాత ఇళ్లకు రాతి గోడలు, అడుగున్నర, రెండడుగుల మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై అలాంటి ఒక్క గోడను కూడా సరిగ్గా దాటదు. 2.4 అయితే దాటుతుంది కానీ వేగం తక్కువ. రాతి ఇల్లైతే లోపలి గదికి ల్యాన్ వైరు లాగించి అక్కడ ఇంకో చిన్న రౌటర్ పెట్టించుకోవడమే మార్గం, వైరు కనిపిస్తే కనిపించనివ్వండి.

ఫైబర్ అంటే గాజు పోగు. తలుపు సందులో నలిగినా, మూల దగ్గర గట్టిగా మడిచినా సిగ్నల్ తగ్గుతుంది. మలుపులు గుండ్రంగా ఉండాలి. నాలుగైదు అడుగుల వైరు అదనంగా చుట్టి వదలమనండి, రేపు రౌటర్ జరపాలన్నా, చివర తెగి మళ్లీ అతకాలన్నా అదే ఆదుకుంటుంది.

టెక్నీషియన్ దగ్గర సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలిచే పరికరం ఉంటుంది. "డీబీఎం ఎంతొచ్చింది తమ్ముడూ?" అని అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గర ఉంటే ఇప్పుడు నడుస్తుంది, రేపు కాస్త కదిలినా పోతుంది. జాయింటు మళ్లీ వేయమనండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే మీకు సంగతి తెలుసని అర్థమై, పని కాస్త శ్రద్ధగా చేస్తారు. నేను చూశాను.

కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టించండి, లేదంటే రౌటర్‌కు సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనుక్కోండి, కొన్ని గంటలు లాగుతుంది. అయినా పోతుంటే ఆపరేటర్ దగ్గర బ్యాటరీ బ్యాకప్ లేదని అర్థం. గల్లీవాళ్లను మూడో ప్రశ్న అడగమన్నది ఇందుకే.

కనెక్షన్ మీ పేరు మీద, మీ ఆధార్, మీ ఫోన్ నంబరుతోనే ఉండాలి. వైఫై పాస్‌వర్డ్ వాళ్లు పెట్టిన 12345678ని వాళ్ల ముందే మార్చేయండి.

ఎనిమిదో అడుగు: మొదటి వారం, ఆ తర్వాత తేడా వస్తే

వారం పాటు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. రౌటర్ పక్కనే నిలబడి, వీలైతే ల్యాన్ వైరు పెట్టి చేయండి. వంటింట్లో నిలబడి చేసిన టెస్టు గోడ బలాన్ని చెబుతుంది, లైన్ వేగాన్ని కాదు.

నెట్ పోతే ముందు రౌటర్ మీద దీపాలు చూడండి. ఎల్ఓఎస్ అన్న చోట ఎర్రగా వెలిగితే వైరు ఎక్కడో తెగింది లేదా ఊడింది, మీరు ఎన్నిసార్లు ఆపి వేసినా రాదు. అది మామూలుగా ఉండి నెట్ మాత్రమే లేకపోతే సమస్య కంపెనీ వైపు ఉండొచ్చు, రీఛార్జి అయిపోయి ఉండొచ్చు. ఫోన్ చేసి "నెట్టొస్తలేదు" అనే బదులు "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అంటే వైరు సామాను తీసుకునే బయల్దేరతారు, ఒక రోజు కలిసొస్తుంది.

లోకల్ మనిషికి చెప్పినా సరే, కంపెనీ యాప్‌లోనో నంబరుకో కూడా ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు తీసుకోండి. నోటిమాటకు తర్వాత సాక్ష్యం ఉండదు. ఫిర్యాదు తేలకపోతే ప్రతి టెలికాం కంపెనీలోనూ పైన అప్పీలు అధికారి ఉండాలన్నది ట్రాయ్ నిబంధన, డాకెట్ నంబరుతో అక్కడికి వెళ్లొచ్చు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తనంతట తాను తేల్చదు. డబ్బు వాపసు గొడవలకు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు.

నేను ముందే కట్టిన ఆరు నెలల డబ్బు కోసం ఆ దారిలోనే వెళ్లాను. కనెక్షనే ఇవ్వలేదు కాబట్టి వాళ్లకు వాదన లేదు, అయినా తిప్పారు. యాప్‌లో ఆకుపచ్చ టిక్కు స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, పోర్టు ఖాళీ లేదన్న మెసేజీ, మూడూ కలిపి పంపాక కదలిక వచ్చింది. మొత్తం ఖాతాలో పడ్డ రోజున గొప్పగా ఇంట్లో చెప్పాను.

"హాట్‌స్పాట్‌కు వేయించుకున్న రీఛార్జీలు కూడా రాయాల్సింది" అంది మా ఆవిడ, స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే.